గిరాకీలకు పెట్టని అన్నం

ఆ ఇన్‌స్పెక్టర్ మంచివాడే. ఈ మాట మొదలే చెప్పేస్తే తర్వాత నా నోరు కాస్త అదుపులో ఉంటుంది. మా ఆయన మాణిక్ అంటుంటాడు, నీ నోరూ నీ పెనమూ ఒక్క పొయ్యి మీదే కాలుతాయే భాగీరథీ అని. అననీ. పొద్దస్తమానం నిప్పు ముందు కూర్చుని రొట్టెలు చేసేదానికి నోరు చల్లగా ఎట్లా ఉంటుంది?

జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీద, బస్టాండుకు కొంచెం ఇవతల, రేవణసిద్ధప్ప సేటు ఖానావళి ఉంది. ఖానావళి అంటే భోజన హోటలే, లింగాయతులది కాబట్టి ఆ పేరు. నీసు వండరు. జొన్నరొట్టె, పుండికూర, పల్లీల చట్నీ, ఆలుగడ్డ కూర, పప్పు, అన్నం, మజ్జిగ. కోహీర్ నుంచీ రాయికోడ్ నుంచీ ఆలుగడ్డ, అల్లం వేసుకుని వచ్చే రైతులు, చిరాగ్‌పల్లి మీదుగా వచ్చే లారీల వాళ్లు, కచేరీ పనుల మీద వచ్చి ఎండలో మాడినవాళ్లు, అందరూ మా గిరాకీలే. వంట శరణమ్మది. వడ్డన వీరప్పది. పెనం దగ్గర నేను. మేము లింగాయతులం కాదు గానీ నా చేతి రొట్టె పలచగా వచ్చి పొంగుతుందని సేటు నన్ను పెట్టుకున్నాడు.

సేటు గురించి ఒక సంగతి తెలియాలి. ఆయన అన్నం తిన్నాక తలెలో, అదే పళ్లెంలో, నీళ్లు పోసి, వేలితో తలె అంతా తుడిచి, ఆ నీళ్లు తాగేవాడు. మెతుకు పారేయడమన్నది ఆయన వల్ల అయ్యే పని కాదు. అన్నం ఆయనకు ప్రసాదం. శరణమ్మదీ అదే పద్ధతి. గంజు గిన్నె అడుగున మాడిన పెచ్చు కూడా గీకి తినేది. మొదట్లో వాళ్లిద్దర్నీ చూసి నాకు నవ్వొచ్చేది. తర్వాత నేనూ పారేయడం మానేశాను. మంచి అలవాటే కదా అనుకున్నాను.

అందుకే మా దగ్గర పొద్దున వండింది మధ్యాహ్నానికీ, మధ్యాహ్నం మిగిలింది సాయంత్రానికీ వచ్చేది. అప్పటికీ మిగిలితే మర్నాటి పప్పులో కలిసి మళ్లీ తలెల్లోకే పోయేది. వాసన చూడాలి, నాలుక మీద వేసుకుని చూడాలి. పులుపెక్కలేదంటే బాగున్నట్టే. మా చదువంతా ముక్కూ నాలుకే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, ఎండలు ముదరకముందు, ఎక్కడో వేరే ఊరి హోటల్లో తిన్న పెళ్లివాళ్లు వరసగా మంచాన పడ్డారట. దాంతో మా ఊరికి కూడా ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో ఎర్ర సబ్బు. కోస్తా వైపు జిల్లాల మనిషి, మాట వినగానే తెలిసిపోయింది. మమ్మల్ని నీళ్ల హౌజు తొట్టి దగ్గర నిలబెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా నురగ చేసి కడుక్కుని చూపించాడు. గోళ్లు తీయమన్నాడు. తల గోక్కున్న చేత్తో వడ్డించొద్దన్నాడు. వీరప్ప అప్పుడే తల గోక్కుంటున్నాడు, చప్పున చేయి దించాడు.

"మూత లేకుండా ఏ గిన్నే ఉండకూడదమ్మా. చల్లారిపోయిన తిండి గిరాకీలకు పెట్టొద్దు, వెచ్చగా ఉండాలి. మధ్యాహ్నం వండింది సాయంత్రం ఏ గిరాకీ పళ్లెంలోనూ కనపడకూడదు. కనపడిందా, హోటల్ మూయించేస్తాను" అన్నాడు.

ఉన్నంతసేపూ గిరాకీలు, గిరాకీలు, గిరాకీలు. మేమూ తింటామని ఆయనకు తోచలేదు. తమాషా ఏమిటంటే, మాకూ తోచలేదు.

సేటు భయపడ్డాడు. హోటల్ పోతుందన్న భయం ఒక్కటే కాదు. తన తలెలో తిన్నవాడు పడిపోతే ఆ పాపం ఎవరికి అని ఆయన భయం. ఆ సాయంత్రమే గల్లా దగ్గర నిలబడి చెప్పాడు.

"ఇగ మీద పగటిది రాత్రికి పెట్టేది లేదు. ఎవలన్న పెట్టిన్రో, నేను ఊకోను."

"మరి మిగిలింది ఏం జేస్తరు సేటూ, మోరీల పోస్తరా?" అన్నాను నేను, మురుగు కాలవ వైపు చూపించి.

ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "శివ శివ! నోట్లెకెళ్లి అసుంటి మాట రానియ్యకు భాగీరథీ. మీరు కొంచబోండ్రి. పిల్లలు గల్లోళ్లు. ఇంటికి కొంచబోయి కడుపునిండ తినుండ్రి."

మాకు అది పండగే. అంతకుముందు మాకు ఇంటికి పోయేది రెండు రొట్టెలు, కొంచెం చట్నీ. ఇప్పుడు అన్నం! జొన్నలు తినే ఇళ్లలో తెల్లన్నమంటే ఏమిటో ఎవరికి చెప్పినా అర్థం కాదు. మా అత్త అయితే ఆ ఇన్‌స్పెక్టర్‌కు దండం పెట్టింది. ఆయన పుణ్యాన బువ్వ తింటున్నా బిడ్డా అన్నది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

శరణమ్మ సంగతి చెప్పాలి. రాయికోడ్ వైపు పల్లె ఆమెది. మొగుడు పోయాక ఒక్క బిడ్డను పట్టుకుని వచ్చి మా ఖానావళి భట్టీ పొయ్యి ముందు వంటకు కూర్చుంది. ఆ బిడ్డ పేరు సుమిత్ర. అల్లుడు చెన్నబసప్ప బొంబాయి లారీల మీద డ్రైవరు. సుమిత్రకు నడకొచ్చిన ఆడపిల్ల ఉంది, నీల. మళ్లీ నీళ్లాడే పొద్దులు దగ్గర పడ్డాయని ఆ ఎండాకాలం తల్లి దగ్గరికి వచ్చింది. నీల కాన్పప్పుడే ఒంట్లో నెత్తురు లేదని దవాఖానలో కేకలేశారు. ఈసారి మంచిగా తినకపోతే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు అని నర్సమ్మ మొహం మీదే చెప్పి పంపింది.

అప్పటినుంచి శరణమ్మకు లోకంలో ఒక్కటే పని. సుమిత్రకు తిండి పెట్టాలి. ఇంటికి అన్నం మూట దొరికిన మొదటి రోజు ఆమె నా భుజం పట్టుకుని ఊపేసింది.

"భాగీ, దేవుడు సూసిండే! నా బిడ్డకు రోజూ బువ్వ. నాకేం, రొట్టె ముక్క సాలు. బువ్వంత దానికే."

ఇక ఇన్‌స్పెక్టర్ చెప్పిన మాటలు ఆమె ఎట్లా పట్టుకుందంటే, మేము ఆమె బాధ పడలేకపోయాం. మోచేతుల దాకా కడుక్కోవడం, మమ్మల్ని కడుక్కోమనడం. వీరప్ప గోళ్లు ఆమే చూసేది. "ఏందిరా ఇవి, గోళ్లా గడ్డపారలా?" అని తిట్టేది. గిన్నెలన్నిటికీ మూతలు వెతికి పెట్టింది. మూత లేనివాటికి తడిగుడ్డ. ఈగ వాలితే ఆ ఈగ పని అయిపోయినట్టే. ఇన్‌స్పెక్టర్ రెండోసారి వచ్చినప్పుడు ఆమెను మా అందరి ముందర మెచ్చుకున్నాడు. ఆమె సిగ్గుపడి భట్టీ వెనక్కి పోయింది.

ఆ జాగ్రత్తలన్నీ ఆమె ఇంటి మూటకూ పట్టించింది. పట్టించదా మరి, బిడ్డ తినేది! మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే మిగిలిన అన్నం, కూర ఒక గంజులోకి తీసేది. వేడి మీదే మూత బిగించేది. దాని మీద తడిగుడ్డ. చల్లారిన తిండి మంచిది కాదన్నాడు కదా సారు? అందుకని ఆ గంజును భట్టీ పక్కన గోరువెచ్చటి బూడిదలో గూడు చేసి కూర్చోబెట్టేది. పొద్దు గూకి ఇంటికి పోయేదాకా అది అట్లాగే వెచ్చగా ఉండేది. ముట్టుకుంటే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు లెక్క ఉండేది. కాలేదీ కాదు, చల్లబడేదీ కాదు. వైశాఖం ఎండలో, రేకుల కప్పు కింద, సగం రోజు. మా మూటలు కూడా పక్కనే పెట్టేది, మా మీద ప్రేమతో.

ఒక రోజు ఊళ్లో ఎవరో పెద్దమనిషి పోయాడని మధ్యాహ్నం పూట బజారు బంద్ చేయించారు. వండింది వండినట్టే ఉండిపోయింది. గంపెడు అన్నం, సగం గంజు ఆలుగడ్డ కూర. సేటు దిగులుగా చూసి, ఇవాళ అందరూ బాగా కట్టుకుపోండ్రి అన్నాడు. సాయంత్రం మూత తీసి శరణమ్మ వాసన చూసింది. ఒక ఆలుగడ్డ ముక్క నాలిక మీద వేసుకుంది.

"మంచిగున్నది. ఇంక వెచ్చగనే ఉన్నది సూడు" అని నాకూ ఒక ముక్క పెట్టింది. నేనూ తిన్నాను. బాగానే ఉంది. దేవుడి మీద ఒట్టు, రుచిలో వాసనలో ఏ తేడా లేదు.

తెల్లవారేసరికి మా ఇల్లు చూడాలి. మాణిక్ వాకిట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. మా అత్త చెంబు పట్టుకుని అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి తిరగలేక గడపలోనే కూలబడింది. నా కడుపులో పేగులు ఎవరో మెలిపెట్టి పిండుతున్నట్టు ఉంది. ఎండదెబ్బ అనుకున్నాం. ఆ ఏడు అందరూ అదే అనుకునేవాళ్లు, ఏమొచ్చినా ఎండదెబ్బే. మజ్జిగ తాగి, కడుపుకు తడిగుడ్డ చుట్టుకుని నేను పనిలోకి పోయాను. భట్టీ వెలగలేదు. వీరప్ప బల్ల మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు, మొహంలో చుక్క నెత్తురు లేదు.

"శరణక్క బిడ్డను దవాఖానకు కొంచబోయిన్రు" అన్నాడు. "ఒకటే కక్కుడు, ఒకటే పారుడు. నాకు గూడ గట్లనే ఉన్నది అక్కా."

నేను పరుగెత్తాను.

సుమిత్ర మంచం మీద ఉంది. కళ్లు లోపలికి పోయాయి, పెదవులు బెరడు కట్టాయి. చేతికి సెలైన్ ఎక్కిస్తున్నారు. మొదట పక్కింటి వాళ్లు కూడా ఎండదెబ్బే అన్నారట. చింతపండు నీళ్లు పోశారు, ఉల్లిగడ్డ రుద్దారు. అట్లా తెల్లవారేదాకా ఇంట్లోనే ఆపుకున్నారు. డాక్టరు నాడి చూస్తూ అడిగాడు.

"ఏం తిన్నది? బయట ఏమన్న తిన్నదా?"

"అయ్యో, లేదు సారూ" అంది శరణమ్మ. ఆ కష్టంలో కూడా గొంతు కొంచెం నిటారైంది. "నా బిడ్డ బయటి తిండి ముట్టదు. ఇంట్లదే. నా చేతితోని వండిందే. నేను చేతులు కడుక్కోకుంట గిన్నె ముట్టను సారూ."

డాక్టరు తల ఊపి, మరి నీళ్లు ఎక్కడివి తాగుతారు అని అడిగాడు. బావి సంగతి మాట్లాడాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను. వీరప్ప మొహం గుర్తొచ్చింది. గడపలో కూలబడ్డ మా అత్త గుర్తొచ్చింది. ఆ బావి నీళ్లు మేమెవరం తాగం. మా బావి వేరు, వీరప్పది వేరు. మా ముగ్గురి ఇళ్లల్లోకీ పోయింది ఒక్కటే. బూడిదలో వెచ్చగా కూర్చున్న ఆ గంజు.

డాక్టరును పక్కకు పిలిచి చెప్పాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"సగం రోజు గోరువెచ్చగ పెట్టిన్రా? గీ ఎండల? అమ్మా, పాలు తోడుకునే వేడి అది. విషం గూడ గంతే, మంచిగ తోడుకుంటది. వాసన రాదు" అన్నాడు. శరణమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఆమెకు చెప్పకుండ్రి."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సుమిత్ర పోయింది. కడుపులో బిడ్డ అంతకు ముందే పోయింది. శరణమ్మ ఏడవలేదు. సుమిత్ర పెదవులు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది, ఎవరు చెప్పినా వినకుండా. నర్సమ్మ వచ్చి చేయి పట్టుకుని ఆపింది. అప్పుడు అరిచింది చూడండి, ఆ అరుపు విని బయట రిక్షాల వాళ్లు కూడా లోపలికి వచ్చారు.

వాళ్ల ఆచారం ప్రకారం మట్టి చేసి వచ్చారు. చెన్నబసప్ప లారీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అతనికి కబురందే సరికి అంతా అయిపోయింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, మర్నాడు సాయంత్రం నేను రొట్టెలు కట్టుకుని పోయాను. శరణమ్మ గోడకు చేరగిలి కూర్చుని ఉంది. నీల చాప మీద నిద్రపోతోంది. ఆ రోజు అది అన్నం వేళకే నిద్రపోయిందట, అందుకే బతికింది. మూలన మూత పెట్టిన గంజు ఉంది. గుర్తుపట్టాను. మా ఖానావళిదే.

"సేటు పంపిండు" అంది శరణమ్మ. "పగటిదే. పాపం, మంచోడు. పోరి లేస్తె దానికి బువ్వ తినిపిస్త. నిన్నటికెళ్లి ఏం తినలే అది."

నేను గంజు వైపే చూస్తున్నాను. ఆమె నా మొహం చూసింది.

"భాగీ, ఒక మాట అడుగుత, నిజం చెప్పు. ఎండదెబ్బ అంటున్నరు అందరు. దిష్టి అంటున్నరు. నా మనసుల ఏందో గుబులున్నది. ఆ దినం నువ్వు గూడ కొంచబోయినవు గదా. వీరప్ప గూడ. మీ ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు గదా? ఎవలకేం కాలే గదా?"

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఏం కాలేదు అక్కా అను, ఆ ఒక్క మాట అను అని ఆ చేతులు అడుగుతున్నాయి. నాకు తెలియదా? నేను రాయినా? ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ చాప మీద నీల కదిలింది. ఒత్తిగిలి లేచి కూర్చుని, కళ్లు నులుముకుంటూ "బువ్వ" అంది.

శరణమ్మ చేయి గంజు మూత మీదికి పోయింది.

"అది పెట్టకక్కా!" అని అరిచాను. "మా ఇంట్ల అందరు పడిపోయిన్రు. వీరప్ప పడిపోయిండు. డాక్టర్ చెప్పిండు. ఆ గంజే అక్కా. వెచ్చగ పెట్టినం గదా, ఆ గంజే."

చెప్పేశాను. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. ఆ పూట నీల బతకాలంటే ఆ మాట చెప్పక తప్పదు. ఆమె మూత మీద నుంచి చేయి తీసింది. ఆ చేతిని వెనకకూ ముందుకూ తిప్పి చూసుకుంది, ఎవరిదో చేయి అన్నట్టు. గంజు ఎత్తుకుపోయి నేనే దొడ్లో గుంట తీసి పాతిపెట్టాను.

అక్కడి నుంచి నేరుగా సేటు దగ్గరికి పోయాను. నా నోట్లో ఉన్నదంతా ఆయన మీద పోశాను. గిరాకీలకు విషమైనది మాకు ప్రసాదమా? వాళ్ల కడుపులు కడుపులూ మావి మోరీలా? ఆయన గల్లా మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నిజమైన ఏడుపే, నాటకం కాదు. సొంత మనవరాలి లెక్కనే చూసుకునేవాడు సుమిత్రను.

"నేను మంచికే ఇచ్చిన గదనే భాగీరథీ. అన్నమిచ్చిన. అన్నమిస్తె గూడ పాపమేనా?"

"ఇగ పారబోయుండ్రి సేటూ. మిగిలితే మోరీల పోయుండ్రి."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "నా తోని కాదు" అన్నాడు. "తక్కువ వండిస్త. మిగులకుండ చూస్త. గని అన్నం మోరీల పోసుడు నా తోని కాదు."

కొన్నాళ్లు తక్కువే వండించాడు. తర్వాత సంత వచ్చింది, తర్వాత పెళ్లిళ్లు వచ్చాయి, మళ్లీ గంజులు నిండాయి, మళ్లీ మిగిలాయి. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. హౌజు చూశాడు, మూతలు చూశాడు, చాలా సంతోషపడ్డాడు. "ఈ ఎండాకాలం మీ దగ్గర ఒక్క గిరాకీకి కూడా ఏమీ కాలేదు సేటుగారూ. ఊళ్లో అందరికీ మీ హోటల్ పేరే చెబుతున్నాను" అన్నాడు. నేను చేతిలో పిండి ముద్ద అట్లాగే పట్టుకుని ఆయన ముందుకు పోయి అంతా చెప్పాను. పాపం, ఆయన మొహం పాలిపోయింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చివరికి "అది హోటల్లో తిన్నది కాదు కదమ్మా" అన్నాడు నెమ్మదిగా. ఇంట్లో తిన్నదానికి తనేం చేయగలడు? తన పని హోటల్ గుమ్మం దాకానే.

శరణమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. రాకపోతే నీలకు ఎవరు పెడతారు? కానీ ఆమె చేతిలో వంట నిలవలేదు. పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న పప్పును దించి మోరీలో పోసేది. "ఖరాబైంది" అనేది. అప్పుడే వార్చిన అన్నం ఆవిర్లు పోతుంటే వాసన చూసేది, మళ్లీ చూసేది, తీసుకెళ్లి పారబోసేది. తలె కడిగి ఆ నీళ్లు తాగిన మనిషి! గిరాకీలు ఆకలికి బల్లలు కొట్టేవాళ్లు. సేటు కళ్ల ముందే మోరీ నిండా తెల్లన్నం. ఆయన చెంపలేసుకుని, బతిమాలి, చివరికి దండం పెట్టి ఆమెను ఇంటికి పంపేశాడు.

ఆమె చోట నాగమ్మ అని కొత్తామె వచ్చింది. మొదటి సాయంత్రమే మూట కట్టుకుంటుంటే నేను పోయి చేయి పట్టుకున్నాను. అంతా చెప్పాను. నాగమ్మ మూత తీసి వాసన చూసింది. నాలిక మీద వేసుకుంది.

"మంచిగనే ఉన్నదక్కా, నువ్వు గూడ సూడు" అంది. "ఆమె రాత అట్లున్నది, పోయింది. గింత బువ్వ పారబోస్తరా ఎవలన్న? ఇంట్ల నలుగురు పిల్లలున్నరు నాకు."

నేను కొంచబోవడం మానేశాను. నా వంతు కూడా నాగమ్మే కట్టుకుపోతుంది.

నిన్న మధ్యాహ్నం శరణమ్మ దగ్గరికి పోయాను. చెన్నబసప్ప వచ్చినప్పుడల్లా జొన్నలు తెచ్చి పడేసి పోతాడు. అతనికి తల్లి లేదు, పిల్లను ఎక్కడ పెడతాడు? నీల కాళ్లు పుల్లల్లా అయ్యాయి, కళ్లు మాత్రం పెద్దవి. నేను అక్కడే పొయ్యి రాజేసి, అక్కడే పిండి కలిపి, రొట్టె చేసి పెనం మీది నుంచి నేరుగా తెచ్చి శరణమ్మ ముందు పెట్టాను.

"నీ కండ్ల ముందల్నే చేసిన అక్కా. తినిపియ్యి."

ఆమె మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. రొట్టె తుంచింది. నీల నోరు తెరిచింది. శరణమ్మ ఆ ముక్క తన నోట్లో వేసుకుని నమిలి మింగి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"జర ఆగు బిడ్డా" అంది. "నాకేమన్న అయితదేమో సూడాలె."

కూర్చుంది. నీల చేయి చాచింది, ఏడ్చింది, మళ్లీ చేయి చాచింది. గడపలో ఎండ మెల్లగా జరిగింది. నేను బతిమాలాను, తిట్టాను. ఆమె తన కడుపు మీద చేయి పెట్టుకుని లోపల ఏదన్నా కదులుతుందా అని వింటూ ఉంది. చాలాసేపటికి నాకేం కాలేదు అన్నట్టు తల ఊపింది. రొట్టె మీద చేయి పెట్టింది. అప్పుడు ఆమె మొహం మారిపోయింది.

"సల్లగైపోయింది. పాతదైంది. ఇది పెట్టొద్దు" అని రొట్టె మొత్తం తీసుకెళ్లి గోడ అవతల పారేసింది. "ఇంకొకటి చెయ్యి భాగీ."

అట్లా ఎన్ని చేశానో నాకే తెలియదు. ప్రతిదీ ఆమె ముందు తింది, కూర్చుని చూసింది, చల్లారాక పారేసింది. నీలకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఇక నా వల్ల కాలేదు. పెనం మీదున్న రొట్టె చేతులు కాలుతున్నా తుంచి, ఊది, పిల్ల నోట్లో పెట్టేశాను. నీల ఆత్రంగా నమలడం మొదలుపెట్టింది.

శరణమ్మ ఒక్క దూకు దూకింది. పిల్ల దవడ పట్టుకుని నోట్లో వేలు పెట్టి, నమిలిన రొట్టెనంతా బయటికి లాగేసింది. నీల నాలిక కింద కూడా వెతికింది. ఒక్క తునక మిగలలేదని చూసుకుని, పిల్లను గుండెకు అదుముకుంది.

"పైలం బిడ్డా. నేనున్న గదా. నీకు ఏం కానియ్య" అంది.

తర్వాత పిల్లను చాప మీద కూర్చోబెట్టి, వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పోయి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడుక్కుంది.